టీచరు గారి చీటీ

నేను ఒక మందుల చీటీని. రాజ్యలక్ష్మి టీచరుకు విరేచనాలు పట్టుకుంటే బొబ్బిలి డాక్టరొకాయన అర నిమిషంలో నన్ను పుట్టించాడు. ఒకటే మందు, రోజుకు మూడు బిళ్ళలు, ఐదు రోజులు. ఆ రాత చదవగలిగింది మందుల షాపతను ఒక్కడే. అయినా నా గౌరవానికి లోటు రాలేదు.

టీచరుకు తగ్గిపోయింది. పనిచేసిన చీటీని పారేయడం మన ఇళ్లలో అన్నం పారేసినంత పాపం కనుక నన్ను పోపులపెట్టె కింద దాచింది. పక్కింటి పైడమ్మ తన భర్తకు కడుపు కుదురుగా లేదంటే, తోడుకి పెరుగిచ్చినట్టు నన్నిచ్చింది.

భర్త అప్పలస్వామి దర్జీ. తాగి తాగి కాలేయం పాడుచేసుకుని, మూడేళ్ల క్రితం పైడమ్మ మీద ఒట్టేసి మానేశాడు. ఆ సంగతి నా మీద రాసి లేదు. నన్ను చూపించినప్పుడల్లా షాపతను మారుమాట లేకుండా షీటు చింపి ఇచ్చేవాడు. కడుపు కుదుటపడ్డా, మళ్లీ చెడుతుందేమోనని అప్పలస్వామి ఐదు రోజుల మందును ఐదు వారాలు మింగాడు.

ఆరో వారం మాట ముద్దయింది, నడక తూలింది. వీధి తీర్పు చెప్పేసింది. పైడమ్మ అతని నోరు వాసన చూసింది. ఏమీ రాలేదు. వాసన రాని సరుకు కూడా దిగిందని ఎవరో అంటే అదీ నమ్మింది.

"నా మీద ఒట్టేసి తాగినావంటే, నాను సచ్చినా నీకు పర్నేదన్నమాట," అని సాలూరులో అక్క దగ్గరికి పోవడానికి చీరలు సర్దింది. అతనేదో అన్నాడు, ఒక్క ముక్కా తెలియలేదు. ఆపబోయి గుమ్మంలో పడ్డాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తలకు స్కానింగు తీయించి, వాడుతున్న మందులన్నీ చూపించమంది. షీట్లతో పాటు నేనూ బయటపడ్డాను.

"ఇతను తాగలేదమ్మా," అంది. పాడైన కాలేయం ఈ మందును తొందరగా వదిలించుకోలేదని, అది ఒంట్లో పేరుకుని మెదడు మీద పడిందని, ఆపేస్తే చాలావరకు తేరుకుంటాడని చెప్పింది. తర్వాత నా మీద అడ్డంగా గీత గీసి అతని ఫైలుకు గుచ్చింది. మనుషుల తప్పుకు కాగితాన్ని కొట్టేయడం వాళ్ల ఆచారం. నాకు అభ్యంతరం లేదు.

పది రోజులకు అతని మాట కాస్త విడివడింది. పైడమ్మ గంజిలో ఉప్పు కలుపుతూ, "తాగనేదని ఆవేల ఒక్క ముక్క సెప్పుంటే నమ్మకపోదునా?" అంది.

"సెప్పినాను," అన్నాడతను, ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ. "నువ్వు సీరలు సర్దినంతసేపూ అదే సెప్పినాను."

ఉప్పు ఎప్పుడో కరిగిపోయింది. పైడమ్మ చెంచా తిప్పుతూనే ఉంది.