కళ్ళాలు కడిగే వాన

సల్లూహా రవ్వ మీద ఉప్పునీళ్ళు చిలకరించి, రెండు అరచేతులూ గుండ్రంగా తిప్పుతోంది. బండి చక్రమంత చెక్క పళ్ళెంలో రవ్వ నీళ్ళు తాగి, ఆవగింజలంత గింజలవుతోంది. ఎండలు తగ్గేలోపు ఏడాదికి సరిపడా ఈ కుస్కుసు గింజలు చేయించి, ఆవిరి పట్టించి, మిద్దె మీద ఎండబెట్టుకోని ఇల్లు బేజా ఊళ్ళో లేదు, ఒక్క సల్లూహా ఇల్లు తప్ప. ముప్ఫై ఒక్క వేసవులుగా అందరికీ చేసిపెట్టేది ఆమే. కూలిగా వచ్చిన రవ్వ మాత్రం ఏ రోజుకారోజు రొట్టె అయిపోయేది.

ఈ ఏడాది నాలుగిళ్ళకి ఎక్కువ చేసి, మిగిల్చింది! రెండు దుప్పట్ల నిండా సొంత కుస్కుసు సొంత మిద్దె మీద ఎండుతోంది. ఇంకొక్క పూట ఎండ చాలు.

"ఏమే, చేతులిక్కడా, మనసు మీ మిద్దె మీదానా?" అంది ఇంటావిడ లెల్లా బేయా, ఎర్ర మిరపకాయలు దారానికి గుచ్చుతూ. "గింజలు ఒకటి ఈగలా, ఒకటి ఏనుగులా వస్తున్నాయి."

"కళ్ళద్దాలు తుడుచుకోండి లెల్లా. ఏనుగు కూడా ఈగే అవుతుంది."

లెల్లా బేయా పకపకా నవ్వింది. పెరట్లో అత్తిచెట్టు ఆకుల అంచులు పసుపెక్కాయి. పోయిన నెల గుమ్మం దాటని గోడ నీడ అప్పుడే బావి దాకా పాకింది. తీగ మీద పిచ్చుకలు కావవి, వెళ్ళిపోయే వానకోయిలలు. ఎందుకో వాటిని చూస్తే ఏటా దిగులేసేది సల్లూహాకి. ఈసారి చలికాలమే తొందరగా రావాలనిపిస్తోంది. కుంపటి పక్కన తనూ, మొగుడు హత్తాబూ. తలుపు తట్టినవాళ్ళతో ఒక్కసారైనా "కూర్చో, తిని పో" అనాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ హత్తాబ్ కోరిక అదొక్కటే.

పొద్దున బయల్దేరుతూ అతనికి గట్టిగానే చెప్పింది. "మబ్బు పట్టినా మెట్లెక్కకు. డాక్టరు ఏమన్నాడో గుర్తుందిగా? పక్కింటి జకియా తీస్తుంది."

"కళ్ళంలో ఎన్ని వందల బస్తాలు మోశాను! రెండు దుప్పట్లు నాకో లెక్కా?"

"ఇప్పుడు నీ జబ్బు గుండె నువ్వు మోసుకో, అదే పదివేలు."

మధ్యాహ్నం దాటాక ఉప్పు కోసం గిన్నెలో చెయ్యి పెట్టింది. ఉప్పు ముద్దకట్టింది. సల్లూహా తలెత్తింది. పడమటి కొండ మీద నల్లటి మబ్బు.

"లెల్లా! కళ్ళాలు కడిగే వాన!"

వేసవిని సాగనంపే ఆ మొదటి వాన ఎవరికోసమూ ఆగదు. ముందు లెల్లా బేయా మిద్దె. అక్కడ నాలుగు దుప్పట్లున్నాయి మరి. సల్లూహా ఒక్కొక్కటే మడిచి, ముడేసి, దింపింది. వీధిలో డోలు మోత వినిపించాక గుర్తొచ్చింది. జకియా వాళ్ళు ఇంటిల్లిపాదీ చెల్లెలి పెళ్ళి ఊరేగింపులో ఉన్నారు!

"ఇంకా నిలబడ్డావేమే, నీది చూసుకో, పో!" అని అరిచింది లెల్లా బేయా.

పరుగెత్తింది. చినుకులు దుమ్ములో టపటపా పడుతున్నాయి. తడిసిన గడ్డి వాసన. దారి పొడుగునా ఆమె తలచుకున్నది కుస్కుసునే. హత్తాబ్ గుర్తొచ్చేసరికి ఆలివ్ గానుగ మలుపు కూడా దాటేసింది.

తలుపు తీసే ఉంది. గది మధ్యలో రెండు మూటలు. కళ్ళంలో బస్తాలకు వేసే ముడి. లోపల చెయ్యి పెట్టి చూసింది. పొడిగా, వేళ్ళ సందుల్లోంచి జారిపోయేంత పొడిగా ఉంది.

హత్తాబ్ రెండో మూటకి ఆనుకుని కూర్చున్నాడు. గడ్డంలో నాలుగు గింజలు చిక్కుకున్నాయి.

"ఎక్కావు కదూ? చెప్తే ఒక్కటి వినవు. మొండి ఘటం."

ఇంకో మాట అనబోయి ఆగింది. గడ్డంలో గింజ ఒక్కటీ కదలడం లేదు.

పక్కన కూలబడింది. చొక్కా గుండీ సరిచేసింది. చాలాసేపటికి, పైన మిద్దె తలుపు గాలికి కొట్టుకుంటుంటే, వేద్దామని మెట్లెక్కింది. పిట్టగోడ మీద అతను సగం తాగి వదిలేసిన టీ గ్లాసుంది. వాన నీళ్ళతో నిండి, అంచు మీంచి పొర్లుతోంది. ఎర్రటి టీ నెమ్మదిగా పలచబడి, పలచబడి, పుదీనా ఆకు ఒక్కటే తేలుతోంది.