నాలుగు వేళ్ల తేడా

వెనక అద్దం మీద మిగిలిన నీటి చారను కూడా తుడిచేసి, పాండురంగ్ రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. పదకొండేళ్ల బండి. ఎంత తుడిచినా ఇంతకంటే మెరవదు. అయినా రోజూ పొద్దున ఏడింటికి, ముందొక పొడి టవలు, తర్వాత తడి టవలు, మళ్లీ పొడి టవలు పట్టాల్సిందే. టవళ్లకు కరువేం లేదు. సేటు కార్ఖానాలో నేసేవే టవళ్లు, అంచు వంకరపోయినవి రోజుకు పదైనా పక్కన పడతాయి. వాటిలో మెత్తనివి ఏరి డిక్కీలో దాచుకుంటాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నగా, ఎప్పుడూ ఎవరో చెప్పేది వినడానికి కాస్త ముందుకు వంగినట్టుగా ఉంటాడు. పదహారో ఏట మగ్గం ముందు వంగిన వీపు, ముప్పై ఏళ్లుగా స్టీరింగు ముందు కూర్చున్నా తిన్నగా కాలేదు. దాజీ పేట్ సందులో అతన్ని పాండురంగ్ అనేవాళ్లు తక్కువ. సేటు డ్రైవరు అంటారు. బండి కనబడితేనే అతను కనబడతాడు. బండి లేకుండా నడిచి వెళ్తుంటే ముఖం తెలిసినవాళ్లు కూడా ఒక క్షణం ఆలోచించాలి.

"పాండురంగ్, పైకి రా. అవ్వ కొలత తీస్కొని పోదాం" అని మేడ మీది నుంచి రామచంద్రం కేకేశాడు.

కుంఠా నాకా దగ్గర ఇరవై నాలుగు పవర్‌లూమ్‌ల యజమాని రామచంద్రం. రెండు నెలలుగా ఆయన బుర్ర కొత్త బండి మీదే ఉంది. లగ్జరీ బండి కావాలి, పొడవుగా డిక్కీ ఉండాలి, మళ్లీ దాజీ పేట్ సందులో తిరగాలి. ఫోనులో వీడియోలు చూసి చూసి చివరికి రెండు చిన్న సెడాన్ల దగ్గర ఆగాడు. ఒకటి తెల్లది, ఒకటి నీలంది. పుణె నుంచి ఒక డీలరు ఆ రెండింటినీ ఊరి బయట హోటలు ఆవరణలోకి ఈ ఒక్క రోజు కోసం తెప్పిస్తున్నాడు. ఏది కొన్నా నడిపేది పాండురంగే. కానీ దాని వెనక సీట్లో కూర్చోవలసింది సేటు తల్లి పార్వతీబాయి. ఆవిడకు ఎనభై నాలుగు. మోకాళ్లు సరిగా మడవవు, నడుము ఒక హద్దు దాటి వంగదు, గుండెకు మాత్రలు నడుస్తున్నాయి. హోటలు దాకా తీసుకెళ్లి నాలుగుసార్లు ఎక్కించి దించడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

అందుకే పోగుతో కొలత. ఆ ఇంట్లో బట్టకు టేపు ఉంటుంది గానీ మనిషికి పోగే. పుట్టిన బిడ్డ మొలతాడుకైనా, కొత్త తలుపు చేయించాలన్నా పడుగు పోగు తెంపి ముడులు వేస్తారు. పాండురంగ్ ఆవిడ కూర్చున్న కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పోగు చివర ముడేసి సీటుకు ఆనించాడు. "ఎంత వంగొస్తదో అంత వంగు అవ్వా" అన్నాడు. ఆవిడ వంగింది. నడినెత్తి దగ్గర రెండో ముడి వేశాడు.

"జాకెట్ కుట్టిస్తవా ఏంది పాండూ, గిట్ల కొలుస్తున్నవు?"

"నీ కొత్త గాడీకి అవ్వా. గీ రెండు ముళ్ల నడుమ ఎంతుందో, తలుపుల గంత జాగా ఉండాలె. లేకుంటే నువ్వు ఎక్కలేవు."

"నువ్వు చూసినంక నేను చూసేదేంది?" అంది ఆవిడ, వంగిన నడుమును చేత్తో పట్టుకుని నెమ్మదిగా లేస్తూ. "నీకు బరోబర్ అంటే నాకు బరోబరే."

ఆవిడ నమ్మకం ఇవాళ్టిది కాదు. ముప్పై ఏళ్ల కిందట పత్తి దుమ్ముకు ఊపిరాడక దగ్గుతుంటే డాక్టరు మగ్గం మానమన్నాడు. రామచంద్రం తండ్రి పెద్ద సేటు లెక్క చూసి ఇంటికి పంపబోయాడు. అప్పుడు వంటింట్లోంచి వచ్చి, వాడు బండి నేర్చుకుంటాడు అని అడ్డుపడింది పార్వతీబాయే. అంతటితో ఊరుకోలేదు. అతను గేర్లు తడుముకుంటూ నేర్చుకుంటున్న రోజుల్లో ఎవరూ ఎక్కని ఆ బండి వెనక సీట్లో చీర కొంగు నడుముకు దోపుకుని ఆవిడే కూర్చుంది. గోడను రాసినప్పుడు కూడా దిగలేదు.

హోటలు ఆవరణలో శుభమ్ అనే సేల్స్ కుర్రాడు మెడలో టై సర్దుకుంటూ ఎదురొచ్చాడు. సేటుకు పూలగుత్తి ఇచ్చాడు. పాండురంగ్‌కు తాళం ఇచ్చాడు.

ముందు తెల్లది. కూర్చుంటే ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టు ఉంది. గుంతలో పడితే పడినట్టే తెలియలేదు. వెనక తలుపు తెరిచి పోగు పట్టాడు. కింది ముడి సీటు మీద, పై ముడి తలుపు చట్రం కంటే రెండు వేళ్లు కిందికే ఉంది. అవ్వ హాయిగా ఎక్కుతుంది. ఇక చూడాల్సిందేమీ లేదని అప్పుడే చెప్పేస్తే సరిపోయేది.

కానీ నీలంది కూడా చూడాలి కదా, దానికే గదా వచ్చింది.

నీలం బండిని అక్కల్‌కోట్ రోడ్డు మీదికి తిప్పాడు. పక్కన శుభమ్ ఏదో చెబుతూనే ఉన్నాడు, ఇన్ని హార్స్ పవర్లు, ఇన్ని ఎయిర్ బ్యాగులు. పాండురంగ్‌కు ఒక్క ముక్క చెవికెక్కలేదు. చెయ్యి ఇలా అనుకునేలోపే బండి అలా తిరుగుతోంది. కాలు కొంచెం ఆనించగానే వీపు సీటుకు అతుక్కుంది. కొత్త పడుగు ఎక్కించిన రోజున, ఒక్క పోగూ తెగకుండా మగ్గం తనంతట తాను నడుస్తున్నప్పుడు చేతులకు తెలిసే ఆ సుఖం. మగ్గం వదిలాక అది మళ్లీ తగలలేదు. ముప్పై ఏళ్లలో నాలుగు బండ్లు నడిపాడు. అన్నీ సేటు ఇష్టం, సేటు ఇంటివాళ్ల ఇష్టం. ఏ బండి కావాలని ఎవరూ అడగలేదు, అతనికీ కావాలనిపించలేదు. ఇప్పుడు కావాలనిపించింది. పళ్లు బయటపెట్టి నవ్వుతున్నానని అద్దంలో చూసుకున్నాకే తెలిసింది, వెంటనే నోరు మూసుకున్నాడు.

తిరిగొచ్చి వెనక తలుపు తెరిచి పోగు పట్టాడు. ఈ బండి పైకప్పు వెనక్కి వెళ్లేకొద్దీ కిందికి వాలుతుంది, చూడ్డానికి అదే అందం. పై ముడి తలుపు చట్రాన్ని దాటి పైకి పోయింది. వేళ్లు పెట్టి చూశాడు. నాలుగు వేళ్లు. మళ్లీ కొలిచాడు. నాలుగు వేళ్లే.

"ఏమైంది?" అంటూ రామచంద్రం వెనక నుంచి వచ్చాడు.

పాండురంగ్ ఏమీ ఆలోచించలేదు. తెగిన పోగులు అతికే అలవాటుతో వేళ్లే ఆ పని చేశాయి. బొటనవేలు కింద పోగును ఒక చుట్టు చుట్టి బిగించి పట్టుకున్నాడు. పై ముడి చట్రం కిందికి దిగింది.

"బరోబర్ ఉంది సేటూ."

"తెల్లది?"

"అది గూడ బరోబరే. గానీ ఇది ఇంకా చాంగ్లా, మస్తుగుంది."

మగ్గం ముట్టుకున్నవాడెవడైనా ఆ చుట్టు చూసి పట్టేసేవాడు. రామచంద్రం పద్దెనిమిదో ఏట నుంచి గల్లాపెట్టె దగ్గరే కూర్చున్నాడు. "నీ చేతుల ఉండేది, నీకు నచ్చినదే తీస్కుందాం. సాయంత్రం ఇంటికి తెప్పిస్త, అవ్వ ఒక్కసారి కూసుంటే ఖాయం" అని పాండురంగ్ భుజం తట్టాడు. ఆ తట్టిన చోట మంట పుట్టినట్టయింది.

మధ్యాహ్నం నీలం నగర్‌లోని తన ఇంటికి వెళ్లాడు. భార్య మంగళ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చేట, చేటలో తునికాకు. చేతులు ఆపకుండానే అడిగింది.

"ఏ గాడీ ఖాయమైంది?"

"నీలంది."

"అవ్వకు ఎక్కొస్తదా?"

"వస్తది."

"నువ్వు కొలిచినవు గద, ఇగ ఫికర్ లేదు."

జొన్నరొట్టె సగం తిని పళ్లెం జరిపేశాడు. అవ్వ బయటికి వెళ్లేదే నెలకు రెండుసార్లు, ఒకసారి దవాఖానాకు, ఒకసారి మార్కండేయ మందిరానికి. రెండుసార్లు వంగితే ఏమవుతుంది? నేను పట్టుకుంటాను కదా. వెనక సీటు మీది పలుచటి పరుపు తీసేయిస్తే ఒక వేలు తగ్గుతుందేమో. ఇలా ఒక్కో వేలికి ఒక్కో సాకు వెతుక్కున్నాడు. మూడు దొరికాయి. నాలుగోది దొరకలేదు. ముప్పై ఏళ్లలో అవ్వ దగ్గర ఒక్క అబద్ధం చెప్పలేదు. చెప్పాల్సి వచ్చింది ఒక స్టీరింగు కోసమని తలుచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

చెప్పేద్దామనే కార్ఖానాకు వెళ్లాడు. రామచంద్రం షెడ్డు మధ్యలో నిలబడి ఎవరితోనో ఫోనులో అరుస్తున్నాడు. మగ్గాల మోతలో అరవకపోతే వినబడదు. పాండురంగ్ ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. ఏంది అన్నట్టు సేటు చెయ్యి ఊపాడు. ఈ మాట ఇక్కడ అరిచి చెప్పాలి. ఇరవై మంది నేతగాళ్లు తలతిప్పి చూస్తుండగా, పోగు వేలికి చుట్టిన సేటూ అని అరవాలి. ఏం లేదన్నట్టు తల అడ్డంగా ఊపి బయటికొచ్చేశాడు.

ఐదింటికి శుభమ్ నీలం బండిని ఇంటి ముందుకు తెచ్చాడు. కోడలు నిర్మల చెయ్యి పట్టుకుని పార్వతీబాయి మెట్లు దిగింది. ఇస్త్రీ చీర కట్టుకుంది, నుదుట పెద్ద బొట్టు. పాండురంగ్ తలుపు తెరిచాడు. ఆవిడ వెనక్కి తిరిగి, సీటు అంచు చేత్తో తడుముకుని, వంగింది. నడుము వంగినంత వంగినా నెత్తి చట్రానికి తగిలింది. పాండురంగ్ అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంది. మళ్లీ ఇంకాస్త వంగింది, గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది. అతని వేళ్ల వెనక ఇనుము, ముందు ఆవిడ పలుచటి జుట్టు. చూపంతా ఆ తల మీదే ఉంది. ఎలాగో లోపలికి వెళ్లి కూలబడింది.

"ఒక్కసారి వంగుడే అవ్వా, లోపల ఆరామ్" అన్నాడు.

పార్వతీబాయి చట్రం వైపు చూసింది. తర్వాత అతని ముఖం వైపు చూసింది. కండెలకు నూలు చుట్టి, పోగులు అతికి, అరవై ఏళ్లకు పైగా మగ్గాల ఇంట్లో బతికిన మనిషి ఆవిడ. పోగు కొలత ఎక్కడ తగ్గిందో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు.

"నీకు నచ్చిందా పాండూ?"

అబద్ధం చెప్పొచ్చు. నిజం చెప్పొచ్చు. "నచ్చింది అవ్వా" అన్నాడు.

"అయితే నడుపు."

సేటు వాకిట్లో ఫోను మాట్లాడుతూ, ఒక చుట్టు కొట్టి రమ్మని సైగ చేశాడు. శుభమ్ ముందు సీట్లో కూర్చుని తన ఆఫీసుకు మెసేజీలు పెట్టుకుంటున్నాడు. సందు దాటేదాకా పాండురంగ్ మెల్లగానే నడిపాడు. పెద్ద రోడ్డెక్కాక చేతులు మళ్లీ పొద్దుటి సుఖం గుర్తుపట్టాయి. అతను వద్దనుకున్నా చేతులు వినలేదు. పాత బండిలో అయితే గుంతగుంతకూ అవ్వ తిట్టేది, మెల్లగరా, నడుమిరుగుతది అని. ఇందులో ఒక్క మాటా లేదు. ఇంజను కూడా వినబడనంత నిశ్శబ్దం. అద్దంలో చూస్తే ఆవిడ తల పక్కకు వాల్చి కళ్లు మూసుకుంది. చల్లగాలికి నిద్ర పట్టిందనుకున్నాడు. నిద్ర పట్టిందంటే సుఖంగా ఉన్నట్టే, సుఖంగా ఉందంటే తన తప్పు అంత పెద్దది కానట్టే. ఆ సంతోషంలో తిరగాల్సిన చోట తిరగకుండా అక్కల్‌కోట్ రోడ్డు మీద ఇంకొక చుట్టు కొట్టాడు.

ఇంటి ముందు ఆపగానే నిర్మల ఎదురొచ్చి వెనక తలుపు తెరిచింది. "అవ్వా, లే. చాయ్ అయింది" అని భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పక్క సందులోని డాక్టరు వచ్చాడు. నాడి చూశాడు, కళ్లు చూశాడు, అరగంట పైనే అయింది అన్నాడు. పాండురంగ్ గోడకు ఆనుకుని లెక్క వేసుకున్నాడు. అరగంట కిందట తను రెండో చుట్టుకు బండి తిప్పుతున్నాడు. కాలు బలంగా ఆనించి ఉంటాడు. నవ్వి కూడా ఉంటాడు.

రామచంద్రం వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. "సుఖంగా పోయింది రా అవ్వ. దవాఖానాల పైపులు పెట్టించుకోకుంట, మంచి గాడీల నిద్రల పోయింది. నువ్వు చూసి పెట్టిన గాడీ."

"సేటూ, తలుపు... తలుపు పొట్టిగ ఉండె."

"ఏ తలుపు?"

అప్పటికే మెట్ల దగ్గర చుట్టాలు, వాడకట్టు ఆడవాళ్లు గుమిగూడుతున్నారు. ఎవరో పిలిస్తే రామచంద్రం కళ్లు తుడుచుకుంటూ అటు వెళ్లిపోయాడు. ఇక ఆ మాట అడిగేవాళ్లు లేరు. అడిగితే చెప్పాల్సిన ఒక్క మనిషినీ అప్పుడే పైకి మోసుకుపోయారు. ఆ మనిషి అడగాల్సింది అడగనే అడిగింది, అతను చెప్పిన జవాబు విని, నడపమంది.

శుభమ్ ఎవరికీ కనబడకుండా టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. బండిని సందులోంచి చప్పుడు లేకుండా వెనక్కి నడుపుకుంటూ తీసుకుపోయాడు. బండి నిలిచిన చోటు ఖాళీ అయింది. సాయంత్రం ఆవిడ ఎక్కే ముందు వెనక తలుపు తెరిచిన చోట, మురిక్కాలువ పక్కన, పార్వతీబాయి చెప్పులు ఉన్నాయి. కొత్త బండిలోకి చెప్పులతో ఎక్కకూడదని ఆవిడ కిందే విడిచింది. తల తగలకుండా చూడటంలో అతను ఆవిడ కాళ్ల వైపు చూడలేదు. దిగగానే తొడుక్కుంటుందని ఇంట్లోవాళ్లు కూడా తీయలేదు.

మడమల దగ్గర అరిగిన తోలు చెప్పులు, రెండూ పక్కపక్కనే, ఇప్పుడే ఎవరో కాళ్లు తీసినట్టు, సందు వైపు తిరిగి ఉన్నాయి.