వావిలాకు మోతాదు

అమలాపురం శివారులోని ఒక ఫార్మసీ కాలేజీలో లిడియా పీహెచ్‌డీ చేస్తోంది. కీళ్ళవాతం తెప్పించిన ఎలుకలకు రోజూ వావిలాకు సారం పట్టి, పాదాల వాపు ఎంత తగ్గిందో చూడడం ఆమె పని. మొదటి విడత పూర్తయ్యేసరికి ఎక్కువ మోతాదు పట్టిన ఎలుకల పాదాలు దాదాపు మామూలుగా అయిపోయాయి. గైడు కామరాజుగారు గ్రాఫు చూసి పొంగిపోయారు.

“వ్యాసం రాసెయ్యమ్మా. హైదరాబాద్ సదస్సుకి పంపించేద్దాం.”

“ఒక్క మాటండీ. వాపు తగ్గిన ఎలుకలే దాణా సరిగ్గా తినట్లేదండీ. బరువు కూడా తగ్గేయి.”

“జబ్బు చేసినవి కదమ్మా. తిండేం సహిస్తుంది?”

“సారం ఇవ్వని జబ్బు ఎలుకలు బాగానే తింటున్నాయండీ. ఇది మన సారం వల్లే. కాలేయం పరీక్ష చేశాకే రాస్తానండీ.”

“సదస్సు దాటిపోద్ది మరి.”

“పోనివ్వండి. సారం పనిచేస్తోంది, అందులో నాకు అనుమానం లేదు. ఎంత ఇవ్వాలో తేలాలండీ.”

కామరాజుగారు గ్రాఫు పక్కన పెట్టి, “సరే, కానివ్వు” అన్నారు. ఆ మాట ఇష్టంగా అనలేదు.

ఇంట్లో ఇంకో తగువు. లిడియా తల్లి సుందరి రిటైరైన టీచరు, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేదు. ఎలుకలకు వాపు తగ్గిందని విని, వావిలాకు తెప్పించి కషాయం కాచుకుంది. లిడియా ఆ గ్లాసు అందుకుని పారబోసింది.

“ఎలుకకి తగ్గింది, నాకు తగ్గదా?” అంది సుందరి.

“ఆ ఎలుకలు తిండి మానేస్తున్నాయమ్మా. ఆకు వేడిచేసి కాపడం పెట్టుకో, తాగకు. తాగొచ్చని తేలితే నేనే చెప్తాను.”

సుందరి ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు కాపడం పెట్టుకుంది.

పరీక్షల్లో లిడియా అనుమానమే నిజమైంది. ఎక్కువ మోతాదు కాలేయాన్ని దెబ్బతీసింది. ఆమె జంతు ప్రయోగాల కమిటీ అనుమతి తీసుకుని, మోతాదు బాగా తగ్గించి, కొత్త ఎలుకలతో మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి వాపు కొలిచే పని తోటి విద్యార్థిని శరణ్యకు అప్పగించింది. కొలతలో పక్షపాతం రాకుండా, ఏ బోనుకి ఏ మందో ఆమెకు చెప్పలేదు.

వాపు సగానికి పైగా తగ్గింది. ఎలుకలు దాణా మిగల్చలేదు. కాలేయానికి ఏమీ కాలేదు.

“రెండు మోతాదులూ రాయమ్మా,” అన్నారు కామరాజుగారు. “కాలేయం దెబ్బతిన్న సంగతి ముందు రాయి. ఆ పాత గ్రాఫు ఒక్కటే పంపేస్తే, ఎవరో ఒకరు చూసి అంత మోతాదూ తాగేసేవారు.”

“రాస్తానండీ. ఇకమీదట వేసవిలో కోసిన ఆకూ, వానల్లో కోసిన ఆకూ విడివిడిగా చూద్దామండీ. కాలాన్ని బట్టి ఆకు బలం మారొచ్చండీ.”

“అంత ఆకు ఎక్కడ దొరుకుద్ది?”

“అల్లవరం కాలవ గట్టున బోల్డంత ఉందండీ. రేపు పొద్దున్నే వెళ్తున్నాను.”