కొంగులో పడ్డ మలీద

మోకాళ్ల నొప్పులకు బరువు తగ్గమన్నాడు డాక్టరు. సద్దుల బతుకమ్మ దాకా నోరు కట్టుకున్నాను. తీరా బతుకమ్మను సాగనంపగానే చెల్పూరు ఆడవాళ్లంతా రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలతో నా మీద పడ్డారు. పండుగ సద్ది వద్దంటే తప్పట!

"తినరాదే ఊర్మిళా, బక్కగైనవ్!"

ఒళ్లు మండింది. అంతలో మా అత్త సత్తమ్మ అడ్డమొచ్చి కొంగు పట్టింది.

"మా కోడలి పాలు గిండ్ల ఎయ్యుండ్రి."

దారి పొడుగునా పిల్లలకు పంచుకుంటూ వచ్చి, ఇంట్లో చిటికెడు నా చేతిలో పెట్టింది. "గింత చాలు బిడ్డా."

"నీకు షుగర్ గద అత్తమ్మా, నువ్వెట్ల తప్పించుకునేదానివి?"

"నాకు కొంగు పట్టెటోళ్లు ఎవరున్నరే? పెట్టిందల్లా తిన్న."

అంటూనే, వేళ్లు తీసేసిన ఎడమ పాదాన్ని అదే కొంగుతో కప్పుకుంది.