కుడివైపు కాజాలు

ఆరో సూదికి దారం ఎక్కించి, ఆ దారాన్ని మైనపు ముద్ద మీద రెండుసార్లు లాగి, కిటికీలో పరిచిన గుడ్డముక్కకు గుచ్చింది కాజాలమ్మ. ఇంకో ఆరు మిగిలాయి. దుకాణంలో ఆమె కూర్చునే మూలకు వెలుతురు తక్కువ. అందుకని రోజుకు సరిపడా డజను సూదులూ పొద్దున్నే ఇంట్లో సిద్ధం చేసుకుంటుంది. యాభై ఎనిమిదేళ్ళ కళ్ళకు సూది బెజ్జం ఆనాలంటే సూర్యుడి సాయం కావాలి మరి.

కిటికీ అవతల అడవి గులాబీలు విరగబూశాయి. వాటిని ఎవరూ నాటలేదు. ఈ ఇల్లు అద్దెకు తీసుకున్న ఏడాది కంచె మూలన ఒక ముళ్ళకొమ్మ ఉండేది. పీకేద్దామనుకుంటే తీరిక చిక్కలేదు. తీరిక చిక్కేసరికి అది కంచెనంతా కమ్మేసి, ఇంటి చుట్టూ తిరిగొచ్చి, అద్దె కట్టేది తనే అన్నట్టు కిటికీలోంచి లోపలికి తొంగిచూడసాగింది. బజారు గులాబీల్లా బొద్దుగా ఉండవివి. ఐదంటే ఐదు రేకులు, తెలుపులో కలిసీ కలవని ఎరుపు, నడుమ పసుప్పచ్చ పుప్పొడి. ఏడాదికి ఒక్కసారి, పదిహేను రోజులు పూస్తాయి. కోస్తే గుమ్మం దాటేలోపే రేకులు రాల్చేస్తాయి కనుక అమ్ముకునేవాళ్ళూ లేరు, దొంగిలించేవాళ్ళూ లేరు. వాసన మాత్రం వీధి మలుపు దాకా పోతుంది.

ఆ పదిహేను రోజులూ సాయంత్రం ఇంటికి రాగానే పెరట్లో కుర్చీ వేసుకుని చీకటి పడేదాకా కూర్చుంటుంది. పక్కన అమ్మ కుర్చీ కూడా వేస్తుంది, ఊరికే. నిరుడు ఒకసారి ఉండబట్టలేక "ఎంత బాగున్నాయో!" అని పైకే అంది. ఆ గొంతు తనకే కొత్తగా వినిపించి, సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె వయసులో ఉండగానే అమ్మ మంచం పట్టింది. పద్నాలుగేళ్ళు ఆ మంచమే ఆమె సంసారం. అమ్మ పోయేనాటికి పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు కూడా పోయారు. మిగిలింది సూది. దర్జీ దుకాణంలో కోట్లకు గుండీలు పట్టే కాజాలు చేత్తో కుట్టడం ఆమె పని. అసలు పేరేదో ఉండేది గానీ దుకాణంలో పుట్టిన పేరే వీధికీ పాకి స్థిరపడిపోయింది.

పన్నెండో సూది గుచ్చుతూ, "ఈ ఏడాది అడగాలి" అనుకుంది. అడగాల్సింది కటింగు మాస్టరుని. అడగాల్సినది ఒకే ఒక్క వాక్యం: మాస్టరుగారూ, మా ఇంటి చుట్టూ గులాబీలు పూశాయి, ఒకసారి వచ్చి చూడండి. ఇంతే. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? అయినా ఇరవై ఆరేళ్ళుగా ఎదురెదురు బల్లల దగ్గర పనిచేస్తూ ఆ వాక్యం నోటిదాకా తెచ్చుకోవడం, ఇవాళ కాదు రేపు అనుకోవడం, రేపటికి పూలు రాలిపోవడం. పూసే పూలకున్న ధైర్యం పూయించుకున్న మనిషికి లేకపోయింది.

దుకాణం ఎప్పటిలాగే ఉంది. కుట్టుమెషిన్ల దగ్గర ఇద్దరు, గల్లా దగ్గర ఓనరు, పొడుగాటి బల్ల ముందు మాస్టరు. అరవై మూడేళ్ళ సన్నటి మనిషి, భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. బరువైన కత్తెర నలభై ఏళ్ళు పట్టి పట్టి ఆయన కుడిభుజం ఒక వేలెడు కిందకి జారింది. ఆ సంగతి చూడగానే తెలియదు. రోజూ ఎదురుగా కూర్చుని చూసేవాళ్ళకు తెలుస్తుంది.

పొద్దున ఆడవాళ్ళ కోట్లు నాలుగు వచ్చాయి. వాటికి కాజాలు కుడివైపు కుట్టాలి. మగవాళ్ళ కోట్లకైతే ఎడమవైపు. ఈ పనిలో అక్షరాభ్యాసం అదే. నాలుగూ పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు మాస్టరే స్వయంగా ఒక బూడిదరంగు కోటు తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"ఇది సాయంత్రానికి కావాలండీ కాజాలమ్మగారూ."

చెప్పేసి, ఏదో ఇంకా చెప్పబోయి, వెళ్ళిపోయారు. కోటుకు ఎవరిదో రాసిన చీటీ లేదు. కాజాలు ఎక్కడెక్కడ రావాలో ఎప్పుడూ గుర్తులు పెట్టే మనిషి దీనికి పెట్టలేదు. ఆమె అవేవీ పట్టించుకోలేదు. ఇప్పుడు అడిగి ఉండాల్సింది, దగ్గరికే వచ్చారు కదా అని తనను తాను తిట్టుకుంటూ కత్తెర మొనతో గుడ్డను చీల్చింది. అంచు చుట్టి, ముడి మీద ముడి బిగిస్తూ మూడు కాజాలూ పూర్తిచేసింది. ఇప్పుడే అడగనా, సాయంత్రం అడగనా అని ముడి ముడికీ అనుకుంది.

పని చూసుకోవడానికి కోటును రెండు భుజాలూ పట్టి పైకెత్తింది. మగవాళ్ళ కోటు. కాజాలు కుడివైపున ఉన్నాయి. కుడిభుజం వేలెడు కిందకి కత్తిరించి ఉంది. రెండూ ఒకేసారి కనబడ్డాయి.

కోటు పట్టుకుని మాస్టరు బల్ల దగ్గరికి నడిచింది.

"తప్పు జరిగిపోయింది మాస్టరుగారూ."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "అరె, కుడివైపు కుట్టేశారే!"

"పొద్దున్నించీ ఆడవాళ్ళ కోట్లే. చెయ్యి అటే పోయింది. ఇది మీదే కదూ?"

"ఎలా తెలిసింది?"

"భుజం."

ఆయన తన భుజం తడుముకుని నవ్వారు. "ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్క తప్పు చేశారు. అది కూడా నా కోటు కోసమే దాచిపెట్టారన్నమాట!"

"ముందుభాగం మళ్ళీ కత్తిరించి ఇవ్వండి. రేపటికల్లా కుట్టేస్తాను."

"రేపు నేనుండనండీ. ఏడింటి బస్సుకి వెళ్ళిపోతున్నా." గొంతు తగ్గించారు. "మా అక్క పడిపోయింది. ఎడంపక్క చెయ్యీ కాలూ రెండూ పోయాయి. చూసే దిక్కు లేదు. ఓనరుకి పోయిన వారమే చెప్పాను. మీకూ చెబుదామని రోజూ అనుకోవడమే."

మళ్ళీ ఎప్పుడొస్తారని ఆమె అడగలేదు. మంచంలో ఉన్న మనిషిని చూసుకోవడమంటే ఎన్నేళ్ళో ఆయనకంటే ఆమెకే బాగా తెలుసు.

కోటు బల్ల మీద పెట్టింది. వెనక్కి తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగింది.

"మా ఇంటి చుట్టూ గులాబీలు పూశాయి" అంది. వాక్యంలో రెండో సగం బయటికి రాలేదు.

మాస్టరు కళ్ళజోడు మీంచి ఆమెను కాసేపు చూశారు. "బస్టాండుకి మీ వీధిలోంచే కదా పోవాలి. ఆరింటికి వస్తాను" అన్నారు.

ఆరూ పదికి వచ్చారు. చేతిలో సంచీ, ఒంటిమీద కొత్త కోటు. గుండీలు అటువి ఇటు కుట్టించుకుని పెట్టుకున్నారు. ఆడవాళ్ళ కోటు వేసుకున్న మగమనిషిలా ఉన్నానా అని అడుగుతారేమోనని ఆమె నవ్వు ఆపుకుంది. ఆయన అడగలేదు. గేటు దగ్గరే నిలబడిపోయి కళ్ళు మూసుకున్నారు. సంచీ బరువేమోనని ఆమె చెయ్యి చాపింది.

"ఇదా!" అన్నారాయన.

"ఏమిటండీ?"

"ఏటా ఓ పదిహేను రోజులు మీ దారం ఈ వాసనే వేస్తుంది. మీరు కుట్టిన ప్రతి కోటూ వేస్తుంది. మీరేదో సబ్బు వాడతారనుకున్నాను."

తను దారానికి మైనం పట్టించేది ఈ పూల పక్కన కిటికీలోనని ఆమెకు అప్పుడు తట్టింది. ఎప్పుడూ తనతో ఉండే వాసన తన వెంట వస్తోందని ఆమెకెలా తెలుస్తుంది?

అమ్మ కుర్చీలో ఆయన కూర్చున్నారు. ఎండ వాలి, పూలన్నీ వెలుతురు పట్టుకున్నాయి. తేనెటీగలు ఆఖరి విడత తిరుగుతున్నాయి.

"నాలుగు దుకాణాల్లో సబ్బులన్నీ వాసన చూశానండీ" అన్నారు మాస్టరు, పూలకేసే చూస్తూ. "ఒకచోట నన్ను దొంగ అనుకున్నారు కూడా. ఒకటి కాస్త దగ్గరగా అనిపిస్తే కొన్నాను. ఇదేనా అని మిమ్మల్ని అడుగుదామని."

"మరి అడగలేదే?"

"ఆడమనిషిని పట్టుకుని ఏ సబ్బు రాసుకుంటారని ఎలా అడగమంటారు!"

ఆమె పగలబడి నవ్వింది. ఆ పెరట్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఏడుపొచ్చింది. తల పక్కకు తిప్పుకుంది. ఆయన చూసి కూడా చూడనట్టు కూర్చున్నారు.

"ఎంత బాగున్నాయో!" అన్నారు కాసేపటికి.

"అవునండీ" అంది ఆమె. బదులివ్వడం ఇంత తేలికని ఆమెకు తెలియదు.

ఏడుకు పావుగంట ఉందనగా ఆయన లేచి, ఆమెకు వీపు తిప్పి సంచీలో ఏదో వెతికి, మూతి మళ్ళీ కట్టారు. ఒక పువ్వు కోసి ఇద్దామనుకుంది గానీ గేటు దాటేలోపు రాలిపోయేదాన్ని ఎందుకు ఇవ్వడమని మానేసింది. మలుపు దాకా వెంట వెళ్ళింది. ఆయన చెయ్యి ఊపి, జారిన భుజం మీద సంచీ నిలవక ఎడమ భుజానికి మార్చుకుని, మలుపు తిరిగారు. బస్సు బయల్దేరిన చప్పుడు వినబడేదాకా ఆమె అక్కడే ఉంది.

కుర్చీలు లోపల పెడదామని పెరట్లోకి వచ్చింది. అమ్మ కుర్చీలో ఒక సబ్బు ఉంది. కాగితం మీద అచ్చువేసిన గులాబీ, ఎన్నేళ్ళు సొరుగులో ఒరుసుకుందో, వెలిసిపోయి తెల్లబడింది. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చి చూసింది. ఏ వాసనా మిగల్లేదు. మడతల దగ్గర కాగితం అరిగి, లోపల సబ్బు బీటలు వారి ఉంది, ఒక్కసారైనా నీళ్ళు తగలకుండానే.