టైలరమ్మ బొటనవేలు

"ఇల్లు మనదేనోయ్!"

ఫోనులో మొగుడు పెట్టిన కేక ఆమె చెవిలో కంటే ముందు ఎదురుగా కూర్చున్న తాతగారి చెవిలో పడింది. వినికిడి మిషను పెట్టుకోకుండానే ఆయనకు వినపడిందంటే అది ఏపాటి కేకో ఊహించుకోవచ్చు. ఆయన పిసుకుతున్న మెత్తటి బంతి చేతిలోంచి జారి బీరువా కిందికి దొర్లిపోయింది.

"ఏమైంది పెళ్ళికూతురా? ఎక్కడైనా అంటుకుందా?"

"అంటుకోలేదు తాతయ్యా, దొరికింది! మాకు ఇల్లు దొరికింది!"

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. నువ్వు రెండూ చెమట పట్టకుండా కొట్టేశావన్నమాట. సరే గానీ, ముందు నా బంతి తియ్యి."

ఆమె నవ్వుకుంటూ నేలమీద బోర్లా పడుకుని బంతి తీసింది. ఆ వృద్ధాశ్రమంలో వణికే చేతులకు, బిగుసుకుపోయిన వేళ్ళకు వ్యాయామాలు చేయించడం ఆమె ఉద్యోగం. చదివింది ఫిజియోథెరపీ. పెళ్ళి సెలవు ముగించుకుని పనిలోకి వచ్చిన రోజు ఎవరో సరదాకి 'పెళ్ళికూతురు' అన్నారు. ఆ పేరు జిగురులా అంటుకుని ఇప్పటికీ వదల్లేదు. ఆమె తీరు కూడా దానికి తగ్గట్టే ఉండేది. బస్సులో కిటికీ సీటు దొరికితే సంతోషం. వానలో ఇద్దరికీ ఒకటే గొడుగై చెరో భుజం తడిసిపోతే ఇంకా సంతోషం.

ఇల్లొక్కటే లోటు. బావగారింట్లో హాలుకు అడ్డంగా దుప్పటి కట్టుకుని కాపురం చేస్తున్నారు. తెల్లారేసరికి తోటికోడలి కూతురు దుప్పటి కిందనుంచి తల దూర్చి, "పిన్నీ, బాబాయి లేచాడా? ఎందుకు నవ్వుతున్నారు?" అని ఆరా తీసేది. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని మొగుడు గొణిగేవాడు. మర్కటం చేతిలో దిండుదెబ్బ తినేవాడు.

అలాంటప్పుడు అడక్కుండానే వరమిచ్చినట్టు పలికాడు, ఆశ్రమంలో ఉండే టైలరమ్మ మేనల్లుడు. "మా అత్తయ్యని కన్నకూతురిలా చూసుకుంటున్నావు చెల్లెమ్మా. నాదో ఇల్లు ఖాళీగా ఉంది. బయట అడిగే అద్దెలో సగమివ్వండి చాలు. మొహమాటపడకు, అన్నయ్య ఇస్తున్నాడనుకో."

ఇవాళ మొగుడు వెళ్ళి ఆ ఇల్లు చూసి, మాట ఖాయం చేసుకుని వచ్చాడు. మేనల్లుడు రేపు సాయంత్రం ఆశ్రమానికి వచ్చి తాళాలిస్తానన్నాడట. ఫోటోలు ఒకదాని వెనక ఒకటి ఫోనులో వచ్చిపడ్డాయి. వాటిని చూస్తుంటే ఆమెకు నేలమీద కాలు ఆనలేదు. చేతిలో పని ముగించుకుని వరండా చివరిగదికి దాదాపు పరుగెత్తింది. ఏ చిన్న సంతోషమైనా ముందు టైలరమ్మకు చెప్పుకోవడం ఆమెకు అలవాటు.

టైలరమ్మ జీవితమంతా కుట్టుమిషను ముందు గడిచింది. మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, టేపు తియ్యకుండానే కొలతలు చెప్పేది. కాలు జారిపడి తుంటి విరిగి ఇక్కడికి వచ్చినప్పుడు, "నడక రాగానే మా ఇంటికి పోతా" అని రోజుకోసారైనా అనేది. నడక వచ్చింది. ఆ మాట మాత్రం ఎప్పుడో ఆగిపోయింది. ఇక్కడ అలవాటుపడిపోయింది కాబోలు అనుకుంది పెళ్ళికూతురు.

సూదీ కత్తెరా ఇస్త్రీపెట్టే కలిసి టైలరమ్మ వేళ్ళను నున్నగా అరగదీశాయి. మేనల్లుడు మొదటిసారి వేలిముద్ర మిషను పట్టుకొచ్చి, పింఛను కోసమంటూ ఆమె బొటనవేలు పెట్టించినప్పుడు అది ఎర్రలైటు తప్ప ఇంకోటి వెలిగించలేదు. అతను చెమటలు కక్కుతూ ఆ వేలిని నొక్కిందే నొక్కాడు. చూడలేక పెళ్ళికూతురు కల్పించుకుంది.

"ఉండండన్నయ్యా, దీనికో చిట్కా ఉంది."

గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి వేలు నానబెట్టింది. మెత్తటి బట్టతో అద్దింది. బియ్యపుగింజంత క్రీము రాసి, ఇంకేదాకా గుండ్రంగా రుద్దింది. మళ్ళీ పెట్టగానే పచ్చలైటు వెలిగింది. "బంగారు చెల్లెలివి!" అన్నాడతను. ఆ పొగడ్త ఆమెకు సాయంత్రం దాకా తియ్యగా ఉంది.

ఆ తర్వాత అతను ఎప్పుడు వచ్చినా గేటు దగ్గరే, "చెల్లెమ్మ ఉందా?" అని అడిగేవాడు. ఆమె ముందురోజే వెళ్ళి వేలికి క్రీము పట్టించేది. వింతేమిటంటే, ఎంత రాసినా మళ్ళీ వచ్చేసరికి ఆ వేలు గీరుకుపోయి, పొట్టు లేచి ఉండేది. "నేనిచ్చిన క్రీము రాసుకోవట్లేదు కదూ? దొంగ టైలరమ్మ!" అని ముద్దుగా కోప్పడేది. టైలరమ్మ ఆమె ముఖంలోకి చూసి తల తిప్పుకునేది. ఒకసారి మేనల్లుడు కోటు వేసుకున్నాయన్నెవరినో కాగితాలతో వెంటబెట్టుకొచ్చి కూడా వేలు పెట్టించాడు.

చూడాలనుకుంటే ఇంకా చాలానే కనపడేవి. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకుని తిరుగుతోంది. చెప్పుల అడుగు అరిగి మడమ నేలకు తగులుతోంది. సాయంత్రం పూట గదిగదికీ బిస్కెట్లు పంచే మనిషి పంచడం మానేసింది. "కొత్త కళ్ళజోడు చేయించుకోరాదూ?" అని అడిగితే, పక్కన మేనల్లుడుంటే అతనే జవాబిచ్చేవాడు. "అత్తయ్యకి పాతవే ఇష్టం. డబ్బు విషయాలు నేను చూసుకుంటున్నా, ఆమెని కంగారుపెట్టకండి." ఎంత బాధ్యత, ఎంత ప్రేమ అనుకునేది పెళ్ళికూతురు. కొత్తగా పెళ్ళయిన కళ్ళకు లోకమంతా కాపురమే కనిపిస్తుంది మరి.

"టైలరమ్మా, కళ్ళజోడు పెట్టుకోండి. సినిమా చూపిస్తా."

"హీరో ఎవరు? మీ ఆయనేనా?"

"ఆయనది పక్కవేషం. హీరో మా కొత్తిల్లు!"

మంచం మీద ఆనుకుని కూర్చుని ఫోటోలు జరిపింది. "ఇది హాలు. మా దుప్పటికి ఇక ఉద్యోగ విరమణే. ఇది వంటిల్లు, ఇద్దరం నిలబడితే మోచేతులు తగులుతాయి, తగలనివ్వండి. ఇదిగో, అసలు సంగతి ఇది. వరండా పైకప్పుకి చూశారా, వరసగా కొక్కేలు! ఎవరు పెట్టించారో గానీ మహా తెలివైనవాళ్ళు. ఒక్కోదానికి ఒక్కో పూలకుండీ వేలాడదీస్తా."

టైలరమ్మ ఫోను తన వైపు తిప్పుకుంది. ఫోటోకు దగ్గరగా వంగింది.

"చివరి కొక్కెం వంగి ఉందా?"

పెళ్ళికూతురు ఫోటోను పెద్దది చేసింది. "ఉంది! ఈ కళ్ళజోడుతో మీకెలా కనపడింది?"

"కనపడలేదు. ఒకసారి హోటలువాళ్ళ పరదాలు తడివి తగిలించా. బరువుకి వంగిపోయింది. మార్పించాలి, మార్పించాలి అనుకుంటూనే ఉండిపోయా."

పెళ్ళికూతురి వేలు ఆ ఫోటో మీదే ఆగిపోయింది.

"హాలు మళ్ళీ చూపించు. కిటికీ కింద నా కుట్టుమిషను ఉండాలి. ఉందా?"

కిటికీ కింద ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ఏదో బరువైనది నిలబడి ఉన్నచోట నేల మీద నలుచదరపు మరక మాత్రం ఉంది.

"తనదే అన్నాడు టైలరమ్మా... ఖాళీగా ఉందన్నాడు..."

"ఖాళీ చేసినవాడికి తెలియదా?" టైలరమ్మ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "కోటు వేసుకున్నాయనని వెంటబెట్టుకొచ్చాడు చూడు, ఇల్లు రాయించుకుంది ఆ రోజే అయ్యుంటుంది. ఆ రోజు నా చెయ్యి నువ్వే పట్టుకున్నావు."

పట్టుకుంది. చెయ్యి వెనక్కి లాక్కుంటుంటే, "చిన్నపిల్లలా ఏంటిది?" అని బుజ్జగించి మరీ పట్టుకుంది.

"పింఛను కోసమనుకున్నా..."

"నాకూ మొదట అదే చెప్పాడు. తర్వాత అదీ చెప్పడం మానేశాడు. గట్టిగా అడిగితే, 'ఇక్కడ డబ్బు కట్టడం ఆపేస్తే రోడ్డు మీద కూర్చుంటావు, నోరు మూసుకో' అన్నాడు."

"నాతో ఒక్క మాట చెప్పుంటే!"

"నీతోనా?" టైలరమ్మ మెల్లగా అంది. "వాడొచ్చే ముందురోజు గిన్నె పట్టుకుని నవ్వుకుంటూ వచ్చేదానివి. వాణ్ణి నోరారా అన్నయ్యా అనేదానివి. నువ్వు వాడి మనిషివనుకున్నానమ్మా."

టైలరమ్మ లేచి, గోడ పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. రంగు వెయ్యని సిమెంటు గట్టు మీద బొటనవేలు ఆనించి, అటూ ఇటూ ఒక్కసారి రాసి చూపించింది. "నాకు చేతనైంది ఇదొక్కటే."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ముసలి మనిషి ఒంటరిగా, తన చర్మాన్నే గీరుకుని తలుపుకు గడియ పెట్టుకుంటూ వచ్చింది. చదువుకున్న తను వెన్నలాంటి చేతులతో వచ్చి ఆ గడియ తీస్తూ వచ్చింది. పైగా ముద్దుగా కోప్పడింది కూడా. పెళ్ళికూతురు అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. క్షమించమనడానికి కూడా సిగ్గేసింది.

"ఏడవకు. పోనీ నువ్వే ఉండు ఆ ఇంట్లో," అంది టైలరమ్మ. "పరాయివాళ్ళ కంటే నయం. కుండీలకి నీళ్ళన్నా పోస్తావు."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ వరండా, ఆ కొక్కేలకు ఊగే పూలు పెళ్ళికూతురి కళ్ళముందు కదిలాయి. ఆ క్షణాన్ని ఆమె తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ముఖం వేడెక్కేది. ఫోను తీసి మొగుడికి కలిపింది.

"రేపు సాయంత్రం అతను తాళాలిచ్చినా తీసుకోవద్దు."

"అదేంటి! నేను పరదాల కొట్లో ఉన్నా. గుడ్డ చింపించేశా కూడా. నీకిష్టమైన పసుపురంగు."

"అది టైలరమ్మ ఇల్లు. ఆమెకి తెలియకుండా రాయించుకున్నాడు. వేలిముద్ర వేయించింది నేను."

అవతల బేరాల చప్పుడు మధ్య, "ఆ గుడ్డ ఇప్పుడే కట్టొద్దులెండి" అని అతను కొట్టువాడితో అనడం వినపడింది. ఆ తర్వాత, "దుప్పటి ఇంకా గట్టిగానే ఉందిలే," అన్నాడతను. "రేపు నేనూ సెలవు పెట్టనా?"

"పెట్టు."

ఫోను పెట్టేసి ఆమె టైలరమ్మ పక్కన కూర్చుంది. "ఇల్లు తిరిగొస్తుందో రాదో నాకు తెలియదు. అబద్ధం చెప్పను. కానీ జరిగిందంతా చెప్తా. నేను చేసింది కూడా. దానికి నా ఉద్యోగం పోతే పోనీ."

టైలరమ్మ కళ్ళజోడు తీసి, కాడకు కట్టిన దారాన్ని పళ్ళతో బిగించి మళ్ళీ పెట్టుకుంది. ఎప్పటి నుంచో చూడనట్టు పెళ్ళికూతురిని పైనుంచి కిందిదాకా, కొలతలు తీసుకుంటున్నట్టు చూసింది.

"వాడు తాళాలతో వచ్చేది సాయంత్రం కదూ? అయితే పొద్దున్నే, టిఫిను కంటే ముందు నీ గిన్నె పట్టుకుని రా. మొదట మేనేజరమ్మ దగ్గరికి, అక్కణ్ణుంచి బ్యాంకుకి, ఆ తర్వాత పోలీసుల దగ్గరికి పోదాం. ఎక్కడెక్కడ వేలు పెట్టమంటారో ఏమో, రేపు మాత్రం నా వేలు సరిగ్గా పడాలి."