పంజాగుట్ట ధర, అమీర్‌పేట ధర

మావారు అచ్యుతరావు రైల్వేలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, పదవీ విరమణ తరువాత రైళ్లను అరచేతిలో ఇమిడే పరిమాణానికి కుదించుకున్నారు. భోజనాల బల్లను పట్టాలు ఆక్రమించాయి. మేము నేలమీద కూర్చుని తినడం మొదలుపెట్టాము. అది మోకాళ్లకు మంచిదని ఆయనే కనిపెట్టారు.

ఈ చిన్న ఇంజన్లు అమ్మే దుకాణం పంజాగుట్టలో మహిపాల్‌ది. అతను ప్రతి ఇంజనునూ విప్పి, నూనె చుక్క వేసి, దుకాణం మధ్యనున్న పట్టాలమీద పది చుట్లు తిప్పి చూపించేవాడు. ధర మాత్రం పెట్టెమీద ఉన్నదే, పైసా తగ్గదు. అమీర్‌పేటలో, జావా నేర్పే ఒక కంప్యూటరు శిక్షణాలయం మెట్ల కింద, బుచ్చిబాబు అటువంటి పెట్టెలనే వెయ్యి రూపాయలు తగ్గించి ఇచ్చేవాడు. తిప్పి చూపడానికి అతని దగ్గర పట్టాలు లేవు, కూర్చోవడానికి కుర్చీ లేదు, ప్రశ్నలకు జవాబు లేదు. ఆ మూడూ లేకపోవడం వల్లనే ధర తగ్గిందన్న సంగతి అంత చదువుకున్న మావారికి తట్టలేదు.

తత్ఫలితంగా మావారూ, ఆయనవంటి మరో పదిమందీ ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు. ఆదివారం ఉదయం మహిపాల్ దగ్గర రెండు గంటలు కూర్చుని, అతని టీ తాగి, ఏ ఇంజను మేలైనదో తెలుసుకునేవారు. సాయంత్రం బుచ్చిబాబు దగ్గర కొనేవారు.

రెండువేల సంవత్సరం జూన్‌లో దుకాణం గది యజమాని రాజనర్సయ్య మహిపాల్‌కు నెల గడువు పెట్టాడు. అద్దె రెట్టింపు ఇవ్వాలి, లేదా ఖాళీ చేయాలి. ఒరాకిల్ నేర్పేవారెవరో వచ్చి గదిని టేపుతో కొలుచుకుని వెళ్లారట. అప్పటికి రెండు నెలలుగా మహిపాల్ దగ్గర ఒక్క ఇంజనూ అమ్ముడుపోలేదు. ఈ సంగతి అతను టీ అందిస్తూ చెప్పాడు. అందరూ ఎంతో బాధపడ్డారు. ఆ బాధలో రెండో టీ కూడా తాగారు.

మరుసటి ఆదివారం మావారు అమీర్‌పేటలో కొన్న కొత్త ఇంజనును తిప్పి చూడటానికి మహిపాల్ దగ్గరకే తీసుకువెళ్లారు. మందులు కొనుక్కోవలసి ఉండి నేనూ వెంట వెళ్లాను. ఇంజనును పట్టాలమీద పెట్టగానే అక్కడ తిరుగుతున్న రైళ్లన్నీ నిలిచిపోయాయి.

“ఇదేంటయ్యా, నీ కరెంటు పోయింది?” అన్నారు మావారు.

“నా కరెంటు మంచిగనే ఉంది సార్. గీ ఇంజనే మన పట్టాలది కాదు. దీనికి నడుమ ఇంకో పట్టా ఉండాలె, ఆడికెళ్లి కరెంటు తీసుకుంటది. గీ రెండు పట్టాల మీద పెడితే లైనంత బందైతది. ఎంతకిచ్చిండు?”

“వెయ్యి తగ్గించాడు.”

“ఇంకో వెయ్యి తగ్గిచ్చినా నడవదు సార్.”

“చక్రాలు మార్చి సర్దెయ్యి. నీకెంతసేపు!”

మహిపాల్ స్క్రూడ్రైవరు అందుకున్నాడు. నేను అర్థశాస్త్రం బోధించినదాన్ని. ఊరుకోలేకపోయాను.

“నాలుగేళ్లుగా నువ్వు వీళ్లకు పాఠాలు చెబుతున్నావు మహిపాల్. అదే పనికి నాకు కాలేజీలో జీతం ఇచ్చారు. ఈ చుట్టుపక్కల సరుకుకు బేరమాడేవారినే చూశాను గాని, కోర్సుకు బేరమాడినవారిని చూడలేదు.”

“గిప్పుడు నన్నేం చేయమంటరు మేడం?”

“బోర్డు మార్చు.”

నేను ఎగతాళికే అన్నాను. అతను స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

గురువారానికి దుకాణం ముందు పసుపుపచ్చ బ్యానరు వెలిసింది. ‘మోడల్ రైలింజన్ల శిక్షణ. ముప్పై రోజులు. సర్టిఫికెట్ ఇవ్వబడును. కోర్సు కిట్ ఉచితం.’ ఫీజు ఆరు వేలు. కిట్ అంటే నాలుగు వేల ఇంజను. డెమో క్లాసుకు డబ్బు లేదు, టీ కూడా ఆ ఒక్కరోజే.

వెయ్యి రూపాయల కోసం నాలుగేళ్లు అమీర్‌పేటకు తిరిగినవారు ఆరు వేలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. ఒక్కరూ తగ్గించమనలేదు. ఒకాయన ఫాస్ట్‌ట్రాక్ బ్యాచి లేదా అని నొచ్చుకున్నాడు. ఎస్.ఆర్. నగర్ హాస్టలు నుంచి వచ్చిన ఇద్దరు నిరుద్యోగులు ఈ కోర్సుకు బయట డిమాండు ఉందా అని అడిగి, జవాబు వినకుండానే చేరిపోయారు. బుచ్చిబాబు కూడా ఫీజు కట్టాడు. మొదటి పాఠం మావారి ఇంజను మీదనే జరిగింది. తాను అమ్మినదానికి మూడో పట్టా కావాలని బుచ్చిబాబుకు తెలిసింది అప్పుడే.

నెలాఖరున మహిపాల్ రెట్టింపు అద్దె కట్టాడు. ఒరాకిల్ వారు మరో గది వెతుక్కున్నారు.

కోర్సు ముగిసిననాడు మావారు సర్టిఫికెట్టూ, ఇంజనూ చేతబట్టుకుని వచ్చారు.

“చూశావా అరుణా! బుచ్చిబాబు ఏనాడైనా ఇలా ఇచ్చాడా? ఇంజను పూర్తిగా ఫ్రీ!”

“ఆరు వేలు కట్టారు కదండీ.”

“అది చదువుకు. చదువు దగ్గర కూడా బేరాలేంటి?”

సర్టిఫికెట్టును టీవీమీద నిలబెట్టి, అడ్వాన్స్‌డ్ కోర్సు ఎప్పుడు మొదలవుతుందో కనుక్కోవడానికి ఆయన మహిపాల్‌కు ఫోను చేశారు.